పిలిస్తే పలికే ప్రింటర్

ఇంట్లో ప్రింటర్ స్విచ్ వేస్తే మనకు వినపడేది లోపలి పళ్లచక్రాల గరగర, కాట్రిడ్జ్ అటూ ఇటూ పరుగెత్తే చప్పుడు. ఆ సందడి సద్దుమణిగి, వైఫై దొరికి, రౌటర్ దగ్గర ఒక అడ్రస్ పుచ్చుకున్నాక ఇంకో పని జరుగుతుంది. దానికి చప్పుడు లేదు, లైటు వెలగదు, మొత్తం ఒకటి రెండు సెకన్ల వ్యవహారం. ముందు ప్రింటర్ కాస్త ఆగుతుంది: సున్నాకీ 250 మిల్లీసెకన్లకీ మధ్య ఎంతో కొంత. తర్వాత ఇంట్లోని యంత్రాలన్నిటికీ అందేలా అడుగుతుంది, ఈ పేరు ఇక్కడ ఎవరైనా పెట్టుకున్నారా అని. 250 మిల్లీసెకన్లు ఆగి మళ్లీ అదే ప్రశ్న. ఇంకో 250 ఆగి మూడోసారి. ఆ తర్వాత కూడా అంతే సేపు చూసి, ఎవరూ అభ్యంతరం చెప్పకపోతే అప్పుడు ఆ పేరు నాదని చాటుతుంది. ఆ చాటింపు కూడా ఒక్కసారితో సరిపెట్టదు, సెకను తేడాతో కనీసం రెండుసార్లు వేస్తుంది.

మొదట్లో ఆ ఆగడం ఎందుకో చూడండి. కరెంటు పోయి వచ్చిందంటే ఇంట్లో టీవీ, రౌటర్, ప్రింటర్, గుమ్మం మీది కెమెరా అన్నీ ఒకేసారి లేస్తాయి. లేచిన మరుక్షణం అన్నీ కలిసి మొదలుపెడితే ఎవరి మాటా ఎవరికీ అందదు. అందుకని ఎవరికి వారు కొంచెం కొంచెం తేడాగా ఆగాలని రాసిపెట్టారు. కరెంటు పోయి రావడాన్ని కూడా లెక్కలోకి తీసుకున్న సాంకేతిక పత్రం మన ఊళ్లవాళ్లకు నచ్చకపోతే ఇంకెవరికి నచ్చుతుంది?

ఆ పత్రం పేరు ఆర్‌ఎఫ్‌సీ 6762. మల్టీకాస్ట్ డీఎన్ఎస్ అనే పద్ధతిని వివరిస్తుంది. దాని జంట పత్రం 6763, డీఎన్ఎస్ సర్వీస్ డిస్కవరీ. రెండూ 2013 ఫిబ్రవరిలో వచ్చాయి. రాసినవాళ్లు ఆపిల్ సంస్థ ఇంజనీర్లు స్టూవర్ట్ చెషైర్, మార్క్ క్రోక్మల్. ఫోన్‌లో ‘ప్రింట్’ నొక్కగానే పక్క గదిలోని ప్రింటర్ పేరు దానంతటది ప్రత్యక్షమవుతుందే, ఆ పని వెనక ఉన్నది చాలావరకు ఈ ఇద్దరి రాత. పేరు ప్రత్యక్షం కాక మనం తల పట్టుకున్నప్పుడు, వీళ్లు రాసిన వాక్యాల్లో ఏదో ఒకటి ఇంట్లో ఎక్కడో తెగిందని లెక్క. ప్రింటర్ రిపేరుకు ఇంతకంటే మంచి పాఠ్యపుస్తకం నాకు కనపడలేదు. రిపేరు కోసం రాసింది కాకపోవడం దానికి ఇంకో అందం.

ఇదంతా ఎక్కడ మొదలైందంటే, 1985లో. ఆపిల్ ఆ ఏడాది లేజర్‌రైటర్ అనే ప్రింటర్‌ని 6,995 డాలర్లకు అమ్మకానికి పెట్టింది. అది ఏ కంప్యూటర్‌కు తోడుగా వచ్చిందో ఆ మాకింటోష్ అంతకు ముందేడు వచ్చినప్పటి ధర 2,495 డాలర్లు. కంప్యూటర్ల కంటే ప్రింటరే ఖరీదైనప్పుడు మనిషికొకటి కొనరు, పదిమందికి ఒకటి కొని పంచుకుంటారు. పంచుకోవడానికి ఆపిల్‌టాక్ అనే తీగల ఏర్పాటు చేశారు. అందులో అడ్రస్‌లు టైపు చేసే పని లేదు. చూజర్ అనే చిన్న కిటికీ తెరిస్తే ఆఫీసులో ఉన్న ప్రింటర్ల పేర్లు వరుసగా కనపడేవి, కావలసినదాని మీద నొక్కడమే. తర్వాతి ఏళ్లలో ఇంటర్నెట్ పద్ధతులు ఆఫీసుల్లోకి వచ్చేశాయి. ఆపిల్‌టాక్ పక్కకు జరిగింది, దాంతోపాటే ఆ సుఖమూ పోయింది. ప్రింటర్ కావాలంటే నాలుగు అంకెల గుంపులు గుర్తుపెట్టుకుని తప్పు లేకుండా టైపు చేయాల్సిన కాలం వచ్చింది.

పోయిన సుఖాన్ని కొత్త తీగల మీదికి తిరిగి తేవాలన్నది చెషైర్ పట్టుదల. ఆపిల్‌టాక్‌లో పేర్ల పని చూసే భాగానికి బదులుగా వచ్చేది ఏమేం చేయగలగాలో చెప్పడానికే ఒక పత్రం విడిగా రాశారు, అది 6760. నాకు ముచ్చటేసే విషయం ఇక్కడొకటుంది. ఈ పద్ధతి 2002లోనే మాక్ ఓఎస్ టెన్ జాగ్వార్‌తో జనం చేతుల్లోకి వెళ్లింది, మొదట రాండేవూ అనే పేరుతో, 2005 నుంచి బాన్‌జూర్‌గా. ప్రామాణిక పత్రంగా అచ్చయింది 2013లో. మధ్యలో పదకొండేళ్లు ఇళ్లలో, ఆఫీసుల్లో, కాలేజీల్లో నలిగాక వచ్చిన రాత అది. అందుకే అందులోని అంకెలు ఊహించి వేసినట్టుండవు.

ఇప్పుడు ఫోన్ వైపు నుంచి చూద్దాం. ఫోన్ ప్రశ్న వేసేది ఏ ఒక్క యంత్రానికీ కాదు, 224.0.0.251 అనే అందరి అడ్రస్‌కి, 5353 నంబరు పోర్టు మీద. ప్రింటర్లు ఎవరున్నారు అని అడుగుతుంది. జవాబు చెప్పవలసినవి ఒకటికి మించి ఉండొచ్చు కాబట్టి అవి 20 నుంచి 120 మిల్లీసెకన్ల మధ్య ఎవరిష్టం వచ్చినంత సేపు అవి ఆగి జవాబిస్తాయి. జవాబు రాకపోతే ఫోన్ మళ్లీ అడుగుతుంది, కానీ వెంట పడదు. మొదటి రెండు ప్రశ్నల మధ్య కనీసం ఒక సెకను, తర్వాత రెండు, తర్వాత నాలుగు, అలా ప్రతిసారీ కనీసం రెట్టింపు వ్యవధి, చివరికి గంటకోసారి.

ఈ తరహా పద్ధతులకు పెద్ద జబ్బు రొద. వంద ఫోన్లు అడుగుతుంటే పది ప్రింటర్లు వందసార్లూ జవాబు చెబుతూ కూర్చుంటే వైఫై మీద వేరే పని జరగదు. దీనికి వీళ్లు కనిపెట్టిన విరుగుడు పంక్తి భోజనంలాంటిది. వడ్డించేవాడు వస్తుంటే ‘పప్పు వచ్చింది, పులుసు రాలేదు’ అంటామే, అలా ఫోన్ తన ప్రశ్నతో పాటు తనకు ఇప్పటికే తెలిసిన జవాబుల జాబితా కూడా పంపుతుంది. ఆ జాబితాలో తన పేరు చూసుకున్న ప్రింటర్ నోరెత్తకూడదు. జాబితాలో పేరుండీ దాని గడువు సగానికి పైగా అయిపోయి ఉంటే మాత్రం మళ్లీ చెప్పాలి. ఈ ‘సగం’ నాకు ఎంతో ఇష్టమైన చోటు. గడువు తీరేదాకా మౌనంగా ఉంటే తీరిన క్షణాన పేరు మాయమవుతుంది, ప్రతిసారీ పలికితే రొద. రెంటికీ మధ్య ఒక గీత గీసి ఊరుకున్నారు.

గడువుల సంగతి చెప్పాలి, ఎందుకంటే రిపేరుకు పనికొచ్చే రహస్యం అందులోనే ఉంది. ప్రింటర్ చెప్పే ప్రతి మాటకూ ఒక ఆయుష్షు ఉంటుంది. ‘నా అడ్రస్ ఇది’ అన్న మాటకు 120 సెకన్లు. ‘ఈ పేరుతో ఇక్కడొక ప్రింటర్ ఉంది’ అన్న మాటకు 75 నిమిషాలు. అడ్రస్ మాటిమాటికీ మారొచ్చు, పేరు మారదు, అందుకే ఆ తేడా. వాడుకలో ఉన్న మాట అయితే ఆయుష్షులో 80 శాతం గడిచాక ఫోన్ ఒకసారి వాకబు చేస్తుంది. జవాబు లేకపోతే 85 దగ్గర, 90 దగ్గర, 95 దగ్గర. అప్పటికీ లేకపోతే చెరిపేస్తుంది. రౌటర్ రీస్టార్ట్ అయి ప్రింటర్‌కి కొత్త అడ్రస్ ఇచ్చినా, ఈ పద్ధతిలో వెతుక్కునే ఫోన్‌కి ఇబ్బంది ఉండదు. ప్రింటరే కొత్త అడ్రస్ చాటుతూ, పాతది కొట్టేయమని ఒక గుర్తు కూడా పెట్టి పంపుతుంది. అదే విండోస్ కంప్యూటర్‌లో ఎవరో ఒకప్పుడు అడ్రస్ అంకెలు కొట్టి ప్రింటర్‌ని కట్టేసి ఉంటే, ఆ అంకెలు మారిన రోజు నుంచి అది ‘ఆఫ్‌లైన్’ అంటూనే ఉంటుంది. ఫోన్‌లో ప్రింట్ వస్తోంది, కంప్యూటర్‌లో రావట్లేదు అన్న ఫిర్యాదు వింటే నేను మొదట చూసేది ఇదే. రౌటర్‌లో ఆ ప్రింటర్‌కి అడ్రస్ రిజర్వ్ చేసేస్తే ఈ గొడవ వదులుతుంది.

వెళ్లిపోయేటప్పుడు కూడా ఒక పద్ధతుంది. బటన్ నొక్కి ఆపితే ప్రింటర్ చివరగా ఒక వీడ్కోలు పంపుతుంది, అదే మాట, కానీ ఆయుష్షు సున్నా అని. విన్నవాళ్లు వెంటనే చెరపరు, ఒక్క సెకను ఉంచుతారు. ఆ మాట ఇంకా నిజమేనని చెప్పగలవాళ్లు వేరే ఎవరైనా ఉంటే వాళ్లకు ఆ సెకను అవకాశం. ఇంత చేసిపెట్టారు గానీ, మన ఇళ్లలో ప్రింటర్‌ని బటన్‌తో ఆపేవాళ్లెవరు? ఎక్స్‌టెన్షన్ బోర్డు స్విచ్ కట్టేస్తాం. వీడ్కోలు చెప్పే వ్యవధి దానికి దక్కదు. ఫలితం, జాబితాలో ప్రింటర్ పేరు ఇంకా కనపడుతూనే ఉంటుంది, పనేమో వెళ్లదు. ‘చూపిస్తోంది కానీ ప్రింట్ కావట్లేదు’ అనే ఫిర్యాదుల్లో కొన్నిటికి కారణం ఈ పాత పేరే. ఇంక్‌జెట్ అయితే ఇంకో నష్టం కూడా ఉంది: బటన్‌తో ఆపితే అది తన హెడ్‌ని తీసుకెళ్లి మూత కింద పెట్టుకుంటుంది. పని మధ్యలో బోర్డు కట్టేస్తే హెడ్ ఎక్కడిదక్కడ ఆగి ఇంకు ఎండుతుంది.

ఇంత పకడ్బందీగా ఉన్నది మరి ఎందుకు తెగుతుంది? ఎక్కువగా ఇంటి వైరింగ్ వల్ల. హైదరాబాద్, విజయవాడ ఫ్లాట్లలో ఇప్పుడు మామూలైపోయిన ఏర్పాటు చూడండి. ఫైబర్ కనెక్షన్ ఇచ్చినవాళ్లు గోడకు తగిలించిన పెట్టెలోనే ఒక వైఫై ఉంటుంది. పడగ్గదిలో సిగ్నల్ అందట్లేదని ఇంకో రౌటర్ కొని ఆ పెట్టె వెనక తగిలిస్తాం. ఇప్పుడు ఇంట్లో ఉన్నవి రెండు వేరువేరు నెట్‌వర్క్‌లు. హాల్లోని ప్రింటర్ మొదటిదాంట్లో, గదిలోని లాప్‌టాప్ రెండోదాంట్లో. 224.0.0.251కి వేసిన ప్రశ్న రౌటర్ గడప దాటకూడదన్నది నియమం. లేకపోతే మీ ఫోన్ ప్రశ్నకు ఎక్కడెక్కడి ప్రింటర్లో పలుకుతాయి. కాబట్టి లాప్‌టాప్ ఎంత పిలిచినా హాల్లోకి వినపడదు.

దీన్ని పట్టుకోవడం మాత్రం సులువు, పట్టుకునే తీరు సరదాగా కూడా ఉంటుంది. ప్రింటర్ మెనూలోంచి దాని నెట్‌వర్క్ వివరాల కాగితం ఒకటి ప్రింట్ తీయండి. కంప్యూటర్ ప్రమేయం లేకుండా ప్రింటర్ తనంతట తాను ఇచ్చే వాంగ్మూలం అది. అందులో ఐపీ అడ్రస్ 192.168.1.20 అని ఉండి, లాప్‌టాప్‌ది 192.168.0.5 అయితే దొంగ దొరికినట్టే. ఇప్పుడు లాప్‌టాప్ బ్రౌజర్‌లో ప్రింటర్ అడ్రస్ అంకెలు కొట్టండి. లోపలి రౌటర్ నుంచి బయటి రౌటర్ వైపు దారి తెరిచే ఉంటుంది కాబట్టి ప్రింటర్ సొంత వెబ్ పేజీ నిక్షేపంగా తెరుచుకుంటుంది! పేరు కనపడదు, పేజీ కనపడుతుంది. ప్రింటర్‌ని లోపలి రౌటర్‌కీ లాప్‌టాప్‌ని బయటిదానికీ మార్చి చూస్తే పేజీ కూడా రాదు. ఒకవైపే తెరుచుకునే తలుపు ఎక్కడుందో ఈ రెండు పరీక్షలతో వేలు పెట్టి చూపించొచ్చు. మందు ఒకటే, రెండో రౌటర్ సెట్టింగ్స్‌లో దాన్ని యాక్సెస్ పాయింట్ మోడ్‌కి మార్చడం. అప్పుడది నెట్‌వర్క్‌ని చీల్చకుండా సిగ్నల్ మాత్రం పంచుతుంది.

ఆ కాగితం మీద అడ్రస్ 169.254తో మొదలైతే కథ వేరు. రౌటర్ దగ్గర దానికి అడ్రస్ దొరకలేదు, తనకు తానే ఒకటి పెట్టుకుంది. ఇలా పెట్టుకునే పద్ధతిని రాసినవాళ్లలోనూ చెషైర్ పేరుంది, 2005 నాటి 3927వ పత్రంలో. వైఫై పాస్‌వర్డ్ మార్చి ప్రింటర్‌కి చెప్పడం మరిచిపోయిన ఇళ్లలోనూ, లాన్ తీగ సరిగా కూర్చోని చోటా ఇది కనపడుతుంది.

అతిథుల కోసం పెట్టే గెస్ట్ వైఫైలో ఒక యంత్రం ఇంకోదాన్ని చూడకుండా రౌటరే అడ్డుగోడ కడుతుంది. అందులో ఉన్న ఫోన్‌కి యూట్యూబ్ వస్తుంది, ప్రింటర్ రాదు. ఆఫీసు లాప్‌టాప్‌లో వీపీఎన్ ఆన్‌లో ఉంటే అది మొత్తం రాకపోకలను ఆఫీసు వైపు మళ్లించొచ్చు, పక్కన బల్ల మీదున్న ప్రింటర్ కూడా దానికి పరాయిదైపోతుంది. హైటెక్ సిటీ ఉద్యోగుల ఇళ్లలో సగం ప్రింటర్ కష్టాలు ఇవేనేమోనని నా అనుమానం. వీపీఎన్ ఒక్క నిమిషం ఆపి చూస్తే తేలిపోతుంది. ఫోన్ 5 గిగాహెర్ట్జ్ మీద, ప్రింటర్ 2.4 మీద ఉంటే కుదరదని చాలామంది చెబుతారు. రౌటర్ ఒకటే అయి, మధ్యలో అడ్డుగోడ లేకపోతే కుదురుతుంది.

ఇంకొకటి చిత్రమైన కేసు. ప్రింటర్ ఆన్ చేసిన కొద్ది నిమిషాలు అందరికీ కనపడి, తర్వాత కనపడకుండా పోతుంది. మళ్లీ ఆన్ చేస్తే మళ్లీ కొద్ది నిమిషాలు. ఇలాంటప్పుడు ప్రింటర్‌ని నిందించకుండా రౌటర్‌లోనో స్విచ్‌లోనో ఐజీఎంపీ స్నూపింగ్ అనే సెట్టింగ్ చూడాలి. అందరికీ పంపే ప్యాకెట్లను అవసరమైనవాళ్లకే పంపి రద్దీ తగ్గించడం దాని ఉద్దేశం. 224.0.0తో మొదలయ్యే అడ్రస్‌లకు మాత్రం ఆ పొదుపు చేయవద్దని, అన్ని వైపులా వదలమని 4541వ పత్రం చెబుతోంది. చదవకుండా తయారుచేసిన పెట్టెలు కొన్ని ఉన్నాయి.

పేర్ల దగ్గర ఒక మాట చెప్పకుండా ముందుకు పోలేను. ఈ పద్ధతిలో ప్రింటర్ పేరు మనుషులు చదువుకునే పేరు, ఖాళీలతో సహా, ఏ లిపిలోనైనా పెట్టుకోవచ్చు. హద్దు 63 బైట్లు. తెలుగులో ఒక్కో సంకేతానికి, అంటే హల్లుకీ గుణింతపు గుర్తుకీ పొల్లుకీ విడివిడిగా, మూడేసి బైట్లు పడతాయి. ‘నాన్నగారి గది ప్రింటర్’ లెక్కేస్తే ఇరవై సంకేతాలు, రెండు ఖాళీలు, వెరసి 62 బైట్లు. ఒక్క బైటు మిగిలి పట్టింది. ‘అమ్మమ్మగారి గది ప్రింటర్’ పట్టదు, 68 అవుతుంది. ఇంట్లో ఇంకోదానికి అదే పేరు ఉంటే రెండోది తన పేరు చివర బ్రాకెట్లో 2 చేర్చుకుని, ఆ పేరునే గుర్తుపెట్టుకోవాలి, రేపు మళ్లీ పోట్లాటకు రాకుండా. రెండూ ఒకే క్షణంలో ఒకే పేరు అడిగితే? రెండింటి వివరాలను బైటు బైటుగా పోల్చి వరుసలో తర్వాత వచ్చేది గెలుస్తుంది. ఓడినది సెకను ఆగి మళ్లీ మొదలెడుతుంది. ఇలాంటి సర్దుబాటు ఉంది కాబట్టే, ఫ్యాక్టరీలో పేరు పెట్టేటప్పుడు సీరియల్ నంబర్ల తోకలు తగిలించొద్దని 6763 చివర సలహా ఇచ్చారు. చాలా ఇళ్లలో ఉండేది ఒక్కటే ప్రింటర్, దానికెందుకు పన్నెండు అక్షరాల తోక? అయినా మార్కెట్లో దొరికే ప్రింటర్ల పేర్లు చూస్తే ఆ సలహా ఎందరు విన్నారో తెలుస్తూనే ఉంది.

కనిపెట్టడం అయ్యాక అసలు పని, కాగితం మీదికి తేవడం. అది వేరే చేతుల పని. ఇంటర్నెట్ ప్రింటింగ్ ప్రొటోకాల్, ఐపీపీ, పోర్టు 631. దాని ఇప్పటి పత్రం, 2017 జనవరి నాటి 8011, మైకేల్ స్వీట్, ఐరా మెక్‌డొనాల్డ్ కలిసి రాశారు. ఈ స్వీట్ గారే 1997లో కప్స్ అనే ప్రింటింగ్ సాఫ్ట్‌వేర్ మొదలుపెట్టారు. చెషైర్ పని జనంలోకి వెళ్లిన ఆ జాగ్వార్‌లోనే కప్స్ కూడా మొదటిసారి మాక్‌లోకి చేరింది. వెతికేవాడూ అచ్చువేసేవాడూ ఒకే పెట్టెలో కలిశారు. 2007లో ఆపిల్ కప్స్‌ను కొని ఆయన్ని ఉద్యోగంలోకి తీసుకుంది. 2019 చివర ఆయన బయటికొచ్చాక ఓపెన్‌ప్రింటింగ్ బృందంతో కలిసి దాన్ని నడుపుతున్నారు. లైనక్స్ యంత్రాల్లో ప్రింట్ పని చూసేది ఇదే.

ఐపీపీలో ‘ఇది ప్రింట్ చేయి’ అనే కోరిక ఎలా మొదలవుతుందో చూడండి. ఎనిమిది బైట్లు: 02 00 00 02 00 00 00 01. మొదటి రెండూ ప్రొటోకాల్ 2.0 అని. తర్వాతి రెండూ పని పేరు, 2 అంటే ప్రింట్ జాబ్. మిగిలిన నాలుగూ ఈ కోరికకు వరుస నంబరు. వెంటనే, ఏ ప్రింటర్‌కో చెప్పకముందే, రెండు సంగతులు ఇదే వరుసలో రావాలని నియమం: నా అక్షరాలు ఏ పద్ధతిలో ఉన్నాయి, నా మనిషి ఏ భాష మాట్లాడతాడు. తర్వాతే ప్రింటర్ అడ్రస్, మనిషి పేరు, డాక్యుమెంట్ పేరు. రాబోయే పేర్లలో తెలుగున్నా అరబ్బీ ఉన్నా చదివేవాడికి తికమక లేకుండా ముందే కళ్లద్దాలు సర్దుకోమన్నారు.

జవాబుల్లో ఇంకా శ్రద్ధ ఉంది. ప్రింటర్ స్థితికి మూడే అంకెలు: 3 అంటే ఖాళీగా ఉంది, 4 అంటే పనిలో ఉంది, 5 అంటే ఆగిపోయింది. ఎందుకు ఆగిందో విడిగా చెబుతుంది, వాక్యంలో కాకుండా స్థిరమైన గుర్తుల్లో: మీడియా ఎంప్టీ, మీడియా జామ్, కవర్ ఓపెన్, టోనర్ లో. ఒక్కో గుర్తుకూ తోకగా అది ఊరికే సమాచారమా, హెచ్చరికా, పని ఆపేసిన తప్పా అన్నది కూడా తగిలించొచ్చు. గుర్తు మారదు కాబట్టి ఫోన్ దాన్ని ఏ భాషలోకైనా తెచ్చుకోవచ్చు, ‘కాగితం అయిపోయింది’ అని తెలుగులో చూపించొచ్చు. ఇంత వివరంగా ప్రింటర్ మొరపెట్టుకుంటుంటే మన కంప్యూటర్లు తెర మీద ‘ఎర్రర్’ అని ఒక్క ముక్క చూపించి ఊరుకోవడం చూస్తే ఒళ్లు మండుతుంది. తప్పు పోస్టుమాన్‌ది కాదు, ఉత్తరం చదవనివాళ్లది.

ఒకప్పుడు ప్రతి మోడల్‌కీ ఒక డ్రైవర్ వెతుక్కోవాల్సి వచ్చేది. ఫోన్‌లో వేల డ్రైవర్లు మోయడం కుదరని పని. 2010 నవంబరులో ఆపిల్ ఎయిర్‌ప్రింట్ తెచ్చింది, మొదట్లో కొద్ది హెచ్‌పీ ప్రింటర్లతోనే. 2013లో ప్రింటర్ వర్కింగ్ గ్రూప్ ఐపీపీ ఎవ్రీవేర్ అని బహిరంగ ప్రమాణం ఇచ్చింది. రెంటి సూత్రం ఒకటే, ప్రింటరే తనకు ఏమేం చేతనవునో చెప్పాలి, ఫోన్ అందుకు తగ్గట్టు పేజీ తయారుచేసి పంపాలి. రంగు ఉందా, రెండువైపులా వేయగలదా, ఏ రకం ఫైళ్లు తింటుంది అన్నవి పేరు చాటేటప్పుడే ఒక చిన్న చీటీలో జతచేసి పంపుతుంది. కనెక్షన్ తెరవకముందే ఫోన్‌కి సగం సంగతులు తెలిసిపోతాయి.

తెలుగువాళ్లకు ఇందులో ప్రత్యేకంగా కలిసొచ్చింది. పేజీని ఫోనే బొమ్మగా గీసి చుక్కల వరుసలుగా పంపే పద్ధతి ఉంది కనుక, ప్రింటర్‌లో తెలుగు ఫాంటు ఉందా లేదా అన్న ప్రశ్నే రాదు. ‘శ్రీ’ వత్తు కిందికి ఎలా తిరగాలో తేల్చుకోవలసింది ఫోన్, ప్రింటర్‌కి అది కేవలం నల్లచుక్కలు. అయితే ఏ4 పేజీ 300 డీపీఐలో వెడల్పు 2,480, పొడవు 3,508, అంటే సుమారు 87 లక్షల చుక్కలు. చవక ప్రింటర్‌లో అంత జ్ఞాపకం ఎక్కడిది? అందుకే పీడబ్ల్యూజీ రాస్టర్ అనే ఆకృతిని వరుస వరుసగా మింగేలా చేశారు. ప్రతి వరుసకు ముందు ఒక్క బైటు ఉంటుంది, ఇదే వరుస ఎన్నిసార్లు పునరావృతమవుతుందో చెప్పడానికి, గరిష్ఠం 256. పేజీ పైన తెల్లగా వదిలిన మార్జిన్ వందల వరుసలున్నా కొద్ది బైట్లలో తేలిపోతుంది. పేజీ మొత్తం రాకముందే మొదటి వరుసలు కాగితం మీద పడటం మొదలవ్వొచ్చు.

విండోస్ కంప్యూటర్‌కి యూఎస్‌బీ తీగతో ప్రింటర్‌ని తగిలించి, ఆ కంప్యూటర్ ద్వారా మిగతావాళ్లకు పంచే పాత పద్ధతి గురించి నాకు పెద్దగా మంచి మాట లేదు. ఆ కంప్యూటర్ నిద్రపోతే ప్రింటర్ పోయినట్టే. నెట్‌వర్క్‌ని ‘పబ్లిక్’ అని గుర్తిస్తే తలుపు మూసుకుంటుంది. డ్రైవర్ ఒక కంప్యూటర్ నుంచి ఇంకోదానికి తనంతట వెళ్లే సౌకర్యమే 2021 వేసవిలో ప్రింట్‌నైట్‌మేర్ అనే భద్రతా లోపంలో భాగమై కూర్చుంది. అదే ఏడాది సెప్టెంబరు అప్‌డేట్ల తర్వాత చాలా ఇళ్లలో షేర్ చేసిన ప్రింటర్లు చివర 11బి అని వచ్చే ఎర్రర్ చూపించి మొరాయించాయి. ప్రింటర్‌కి సొంత వైఫై ఉంటే కంప్యూటర్ దళారీతనం మానిపించి నేరుగా నెట్‌వర్క్‌లోకి దింపడం మంచిది. ‘ఆఫ్‌లైన్’ అని అబద్ధం చెబుతుంటే పోర్టు సెట్టింగ్స్‌లో ఎస్‌ఎన్‌ఎంపీ స్టేటస్ అనే టిక్కు తీసి చూడండి. ఆ ప్రశ్నకు జవాబివ్వని ప్రింటర్‌ని విండోస్ చచ్చిపోయిందనుకుంటుంది.

ఇంత చదివాక కూడా నన్ను వదలనిది 6763వ పత్రంలో ఒక సున్నా. ప్రింటర్లు మాట్లాడే పద్ధతులు చాలా ఉన్నాయి: పాత యూనిక్స్ కాలపు ఎల్‌పీడీ, పోర్టు 9100 మీద నేరుగా పోసేది, ఐపీపీ. పేర్ల పోటీ ఒక్కో పద్ధతిలో విడివిడిగా జరుగుతుంది. ఐపీపీ మాత్రమే తెలిసిన ప్రింటర్, ఎల్‌పీడీ మాత్రమే తెలిసిన ఇంకో ప్రింటర్ ఒకే పేరు పెట్టుకుంటే నియమం ప్రకారం తగాదా లేదు, చూసే మనిషికి మాత్రం ఒకే పేరుతో రెండు యంత్రాలు. అందుకని ఎల్‌పీడీని పెద్దన్నగా నిలబెట్టి, ఏ భాష మాట్లాడే ప్రింటరైనా తన పేరును అక్కడ కూడా నమోదు చేసుకోవాలన్నారు. ఎల్‌పీడీ అసలు రానిది ఏం చేయాలి? పేరు రాసి, పోర్టు నంబరు దగ్గర సున్నా పెట్టాలి. ఆ పేరు తీసుకున్నామని అందరికీ తెలుస్తుంది, ఆ తలుపు తట్టొద్దని కూడా తెలుస్తుంది. రెండు పాత లేజర్‌లు, ఒక కొత్త ఇంక్‌జెట్ ఉన్న ఇంట్లో జాబితా తెరిస్తే తొమ్మిది పేర్లు కాకుండా మూడే కనపడటానికి, ఆ మూడూ వేరువేరు పేర్లు కావడానికి ఈ ఏర్పాటు పునాది.